మన బేకరీ పేరు మారుతోందండి

రాజమండ్రి దానవాయిపేటలో మన షాపు బోర్డు మీద పది రోజులుగా నీలం టార్పాలిన్ కప్పి ఉంది. మూసేస్తున్నారా అని కొందరు, అమ్మేశారా అని కొందరు, ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళు వచ్చారట కదా అని ఒకాయన అడిగారు. (వాళ్ళు రావాలంటే ముందు ఇన్‌కమ్ ఉండాలండీ.) అసలు సంగతి, పాత పేరు వదులుకోవాల్సి వచ్చింది. తప్పు నాదే కాబట్టి నేనే చెబుతాను.

2019లో ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్లు ఇచ్చే రోజుల్లో మా పెద్దమ్మాయి సరదాగా పెట్టిన పేరది. మీకందరికీ తెలుసు, మళ్ళీ ఇక్కడ రాయను. రాస్తే అవతలి వాళ్ళు ఎవరో చెప్పినట్టే అవుతుంది. 2022లో షాపు తెరిచేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్లో నేనే కూర్చుని వెతికాను. వెతకడానికి డబ్బులేం కట్టక్కర్లేదు. అక్కడ సరుకుల్ని క్లాసులుగా విడదీస్తారు; బ్రెడ్డు, కేకులు, బిస్కెట్లు 30వ క్లాసులోకి వస్తాయి. అందులో మా పేరు కొడితే ఏమీ రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. ఆ సైట్లో అక్షరాలను బట్టి వెతకడం వేరు, పలికే తీరును బట్టి వెతకడం వేరు. రెండోది నేను నొక్కనే లేదు. మేం 'కె'తో రాసుకున్నదాన్ని ఇంకో ఊళ్ళో ఒకరు 'సి'తో రాసి, ముందే రిజిస్టరు చేయించుకున్నారు. చెవికి రెండూ ఒకటే. కొనేవాళ్ళు పొరబడేలా ఉంటే చాలు, ఒక్క అక్షరం తేడా చూపించి గట్టెక్కలేమని లాయరుగారు తేల్చేశారు.

నోటీసు వచ్చిన రోజు టెన్షన్‌లో రెండు ట్రేల బన్నులు మాడ్చేశాను. అవతలి వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ పేరు వాళ్ళు కాపాడుకున్నారు. ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, ఉన్న డబ్బాలు పాత పేరు కనపడకుండా స్టిక్కర్ అంటించి వాడుకోమన్నారు కూడా. బోర్డు మాత్రం దండగే. లైట్లతో సహా 22,000 అయింది అప్పట్లో.

ఇక కొత్త పేరు వేట. ఇంట్లో ఆరుగురం, పేర్లు అరవై. నాకు మొదట తట్టింది 'పొంగు'. పిండి పొంగుతుంది, గృహప్రవేశానికి పాలు పొంగిస్తాం, ఎంత బాగుందీ అనుకున్నాను. మా అత్తయ్యగారు ఒక్క మాటతో కొట్టిపారేశారు: "పొంగూ తట్టూ అని పిల్లలకొచ్చే జబ్బు పేరే అది! వేపాకులు కూడా కడతావా గుమ్మానికి?" ఆ తర్వాత 'కమ్మన' అనుకున్నాం. బోర్డు చూసి రుచి కాదు, కులం అడుగుతారని మా తమ్ముడు వద్దన్నాడు. నిజమే, మన ఊళ్ళో అడుగుతారు. 'తాజా', 'రుచి' లాంటివి సరుకు గుణం చెప్పే మాటలు కాబట్టి ఒక్కరికే రాసివ్వడం కుదరదని రిజిస్ట్రీ వాళ్ళు అభ్యంతరం పెడతారట. 'గోదావరి' సంగతి చెప్పనే అక్కర్లేదు. మన ఊళ్ళో ఆ పేరు లేని వ్యాపారం ఏదో చూపించండి.

మావారు తన సొంతూరు మీద ప్రేమతో 'అమలాపురం బేకరీ' అన్నారు. ఊరి పేరు పెట్టుకుని పెద్దవాళ్ళయినవాళ్ళు లేకపోలేదు. హైదరాబాద్ కరాచీ బేకరీని 1953లో పెట్టిన ఖాన్‌చంద్ రామ్నానీ దేశ విభజనప్పుడు అక్కడినుంచి వచ్చినాయనే. వదిలేసి వచ్చిన ఊరిని బోర్డు మీద రాసుకున్నారు. 2019లో బెంగళూరులో ఆ పేరు మీద గొడవ చేస్తే, అక్కడి బోర్డు మీద 'కరాచీ' అన్న మాటను కప్పేశారు. మా టార్పాలిన్‌కి తాళ్ళు కడుతుంటే నాకదే గుర్తొచ్చింది. పోలిక మరీ పెద్దదనుకోండి. 'అయ్యంగార్ బేకరీ' అని పెట్టుకో, ఎవరూ అడగరు అని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఊరికో బోర్డు ఉంది, అడగరు నిజమే. కానీ మేం అయ్యంగార్లం కాదు, పైగా మన దగ్గర సగం అమ్మకం ఎగ్ పఫ్‌లే.

చివరికి పేరు పెట్టింది మీరే. మధ్యాహ్నం మూడు దాటితే ఫోన్ మొదలు: "నాలుగింటి పఫ్‌లు వచ్చాయాండీ?" స్కూళ్ళు వదిలే వేళకి దించే ట్రే అది. మా కుర్రాళ్ళు కూడా దాన్ని 'నాలుగింటి ట్రే' అనే అంటారు. మా చిన్నమ్మాయి డబ్బాలకి స్టిక్కర్లు అంటిస్తూ, "మనది నాలుగింటి బేకరీయే కదమ్మా" అంది. అంతే. ఈసారి పలికే తీరును బట్టి కూడా వెతికాను, ఒకసారి కాదు, రాత్రంతా. ఏమీ తగల్లేదు. చిన్న వ్యాపారాలకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు 4,500 రూపాయలు, కట్టేశాం. పరిశీలనలో నెగ్గితే రిజిస్ట్రీ వాళ్ళ సొంత పత్రికలో వేస్తారు. ఆ తర్వాత నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అన్నీ దాటితే పదేళ్ళు మనది. ఇక్కడా నాలుగే వచ్చిందని మా అత్తయ్యగారు సంబరపడ్డారు.

ఇంగ్లీషులో ఎలా రాయాలన్నది ఇంకా తెగలేదు. 'ఎన్' పక్కన ఒక 'ఎ'నా, రెండు 'ఎ'లా అని ఇంట్లో రెండు పార్టీలు. న్యూమరాలజీ చెప్పే ఆయన మూడు పెట్టమన్నారు. ఆయనకి ఒక కేకు ఇచ్చి పంపించాం.

ఇప్పుడు కొన్ని పనికొచ్చే మాటలు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఇంకొన్నాళ్ళు పాత పేరే వస్తుంది, కంగారు పడకండి, డబ్బులు మాకే చేరతాయి. దాదాపు 600 డబ్బాలు స్టిక్కర్‌తోనే వస్తాయి. పుట్టినరోజు ఫొటోల్లో బాగుండదనుకుంటే ముందే చెప్పండి, తెల్ల డబ్బా ఇస్తాం. రేట్లు మారవు. బోర్డు ఖర్చు పఫ్ మీద వెయ్యను.

ఒక భయం మాత్రం ఉంది. ఇన్నాళ్ళూ ట్రే నాలుగుంబావుకి దిగినా ఎవరూ ఏమనలేదు. ఇక అలా కుదరదు, బోర్డే నిలదీస్తుంది. కరెంటు పోయిన రోజు, బేకరీ మాస్టరు సెలవు పెట్టిన రోజు ఆలస్యమైతే గుమ్మం దగ్గర పలక మీద టైము రాసి పెడతాం.

శనివారం పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి టార్పాలిన్ తీస్తాం. మీరు మాత్రం నాలుగింటికి రండి.