రిజిస్టర్‌లో ‘నిల్’ ఎందుకుందో తెలుసా మంత్రిగారూ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి కాంట్రాక్టు స్టాఫ్ నర్సు నమస్కరించి రాసుకునేది. వార్డులో తృటిలో తప్పిన ఒక ప్రమాదం గురించి రాసినందుకు నాకు మెమో ఇచ్చారు. దాని మీద సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ పెట్టాను. ఎవరి మీద పెట్టానో, మూడుసార్లూ అది తిరిగి తిరిగి ఆ ఆఫీసుకే చేరింది. మూడుసార్లూ ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో నాకు తెలీదు. మీకు తెలిస్తే సెలవివ్వండి.

ఆ రోజు మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ. 46 మంది పేషెంట్లు, నేనొక్కదాన్ని. (ఎంతమందికి ఒక నర్సు ఉండాలో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ గొడవ ఇప్పుడెత్తను.) ఉద్దానం నుంచి వచ్చిన కిడ్నీ పేషెంట్ ఒకాయన, డయాలసిస్ మీదున్న మనిషి, జ్వరంతో చేరాడు. రాత్రి రెండు దాటాక యాంటీబయాటిక్ పొడి కలపడానికి ట్రేలోంచి డిస్టిల్డ్ వాటర్ తీసి సిరంజిలోకి లాగాను. లాగాక ఎందుకో మళ్ళీ పేరు చూశాను. పొటాషియం క్లోరైడ్! రెండూ పది ఎంఎల్ ప్లాస్టిక్ ఆంప్యూల్సే, రెండింట్లోనూ నీళ్ళలాంటి మందే, ఒకే ట్రేలో పక్కపక్కన. కిడ్నీలు పాడైన మనిషికి ఒంట్లో పొటాషియం అసలే ఎక్కువ. అది నేరుగా నరంలోకి ఎక్కించి ఉంటే గుండె ఆగిపోయేది. నా చేతులు వణుకుతుంటే మంచం పక్కనున్న ఆయన భార్య, “ఏటి సిస్టరమ్మా, సూదెయ్యవా?” అని అడిగింది.

“మందు మార్చాలమ్మా” అన్నాను.

పేషెంట్‌కి ఏమీ కాలేదు. ఎవరూ చూడలేదు. సిరంజి పారేసి ఊరుకుంటే మీకీ ఉత్తరం చదివే శ్రమ ఉండేది కాదు. కానీ ట్రైనింగ్‌లో మాకు చెప్పారు: తృటిలో తప్పినా సరే ఇన్సిడెంట్ ఫారం నింపండి, దాన్ని నియర్ మిస్ అంటారు, అది ఎవరినీ శిక్షించడానికి కాదు అని. నమ్మాను, రాశాను. పొటాషియం వార్డు ట్రేలో ఉండకూడదు, విడిగా తాళం వేసి పెట్టాలి అని కూడా రాశాను. అది నా సొంత తెలివేమీ కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే వార్డుల్లోంచి దాన్ని తీసెయ్యమంది.

మూడో రోజు మెమో వచ్చింది. ట్రే గురించి కాదు, నా గురించి. ‘విధి నిర్వహణలో నిర్లక్ష్యం’. “రెన్యువల్ ముందు ఇదేం పనమ్మా, నిన్ను రాయమని ఎవరన్నారు?” అని హెడ్ సిస్టర్ తల పట్టుకున్నారు. ఆవిడ మంచావిడే, ఇన్నేళ్ళ సర్వీసు ఆవిడకి నేర్పిన పాఠం అది. సంజాయిషీ ఇచ్చుకున్నాను. తర్వాత రెండు నెలలూ వరసగా నైట్ డ్యూటీలే. ట్రే మాత్రం అదే ట్రే. నేనే పొటాషియం ఆంప్యూల్స్‌ని వేరే డబ్బాలో వేసి ఎర్ర స్టిక్కర్ అంటించాను. స్టిక్కర్ నా డబ్బులతోనే కొన్నాను లెండి, అభ్యంతరం ఉంటే దానికీ ఒక మెమో ఇవ్వచ్చు.

ఆ మెమో చూశాక మా వార్డులో ఇంకెవరూ రాయరు. మంచం మీంచి జారిపడ్డ ముసలమ్మ లేదు, పేరు మారి ల్యాబ్‌కి వెళ్ళిన రక్తం లేదు, సూది గుచ్చుకున్న నర్సు లేదు. నెల నెలా ఇన్సిడెంట్ రిజిస్టర్‌లో ‘నిల్’, అంటే ఏమీ జరగలేదని. క్వాలిటీ తనిఖీ వాళ్ళు వచ్చి ఆ ‘నిల్’లు చూసి సంతోషించి వెళ్తారు. సెప్టెంబర్ 17న రోగి భద్రతా దినం బ్యానర్ కడతాం, ప్రతిజ్ఞ చేస్తాం, ఫొటో పైకి పంపిస్తాం. ఫొటోలో నేనూ ఉన్నాను, చెయ్యి చాపి.

అయ్యా, కొత్త స్కీమ్ అడగడం లేదు. నా మెమో రద్దు చేయించండి. అది కాదంటే, రాసినవాళ్ళకి మెమో ఇవ్వకూడదని ఒక్క కాగితం పంపండి. అదీ కష్టమైతే ఆ ఆంప్యూల్స్ అయినా వార్డుల్లోంచి తీయించండి. ఉద్దానం పేషెంట్లు మాకు రోజూ వస్తారు, నేను రోజూ డ్యూటీలో ఉండను.

దయచేసి ఈ లేఖని కూడా ఆ ఆఫీసుకే పంపకండి.

ఇట్లు
ఒక స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం జిల్లా