కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. ఇళ్లలో వేడి, పొగ, కరెంటు బిల్లుల కష్టాలు తగ్గించాలన్న మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తున్నాను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది పైకప్పులకు సున్నం వేసిన కార్యక్రమం. రేకుల ఇళ్లు, పై అంతస్తు అద్దె గదులే ఎంచుకున్నాం. కాంక్రీటు కప్పు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి గదిలోకి వదులుతుంది. తెల్లటి పూత ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది. ఒక డాబా మీద మధ్యాహ్నానికి సగమే పూర్తయింది. పిల్లలు తెల్లటి సగం మీద వట్టి కాళ్లతో నిలబడ్డారు, రెండో సగంలో అడుగు పెట్టగానే గెంతుకుంటూ వెనక్కి వచ్చారు. అంతకు మించిన ప్రచారం మనకు అక్కర్లేకపోయింది. సున్నం, బ్రష్షులు ఇచ్చిన దాతలకు, నీళ్లు మోసిన యువకులకు, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

పొగ పొయ్యిలపై అవగాహన సభలు గ్రామాల్లో జరిగాయి. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అకాల వానలకు కట్టెలు తడిస్తే ఆ పొగ ఇంకా ఎక్కువ. సభలకు వచ్చిన ఆడవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. వినాల్సిన మగవాళ్లు రాలేదు.

పట్టణంలో గొడవ వేరు. కరెంటు బిల్లుల భారం గురించి అధికారులకు అర్జీ ఇస్తే "అందరికీ కరెంటు కనెక్షన్ ఉంది కదా" అన్నారు. ఉంది. బిల్లు భయంతో ఉక్కపోతలోనే ఫ్యాను ఆపేసి పడుకునేవాళ్లకీ ఉంది. బిల్లు తక్కువ వచ్చిందంటే పొదుపు కింద రాసేసుకుంటారు, ఆ ఇంట్లో ఏం మానుకున్నారో ఎవరూ అడగరు. ఇంటింటా చేసిన మన సర్వే ఫారంలో ఆ ప్రశ్న చేర్చాం. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు పాడైనట్టని, కరెంటు అక్కడే వృథా అవుతోందని ఇంటింటికీ చూపించాం. 40 డిగ్రీలు దాటాక ఒక్క ఫ్యానునే నమ్ముకోవద్దని, ఒళ్లు తడుపుకోవాలని కూడా చెప్పాం.

సర్వేకు పేర్లిచ్చిన వాలంటీర్లలో చాలామంది గ్రూపు ఫోటో రోజే కనిపించారు. ఇంతకంటే రాయను.

జమాఖర్చులు ఆడిటర్ గారు చూశారు, పత్రం జత చేశాం, ఆమోదించగలరు.

చివరగా, సున్నం పనికి తీసుకెళ్లిన సంఘం నిచ్చెన ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరుందో వారు దయచేసి ఆఫీసులో అప్పగించగలరు.

ఇట్లు,
కార్యదర్శి