వంశధార నీటి పంపకంతోపాటు నీటి ప్రాణుల లెక్కా చూడాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య నడిచిన వంశధార జలాల వివాదంపై 2010లో ఏర్పాటైన ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో తీర్పు వెలువరించింది. ఆ తీర్పు గురించి, ఆ నదిపై ఆంధ్రప్రదేశ్ తలపెట్టిన నేరడి బ్యారేజీ గురించి పత్రికల్లో వచ్చే వార్తలను సరిహద్దుకు ఇవతల, పర్లాకిమిడిలో ఉంటున్న మావంటి తెలుగువారు శ్రద్ధగా చదువుతుంటారు. ఈ చర్చలో ఎవరికి ఎంత నీరన్న మాటే తప్ప, ఆ నీరు ఏ స్థితిలో ఉందన్న ప్రశ్న చాలా అరుదుగా వినిపిస్తుంది. దానికి నమ్మదగిన సాక్షి కొండవాగుల రాళ్ల అడుగున ఉంది. అది మేఫ్లై అనే కీటకపు పిల్లపురుగు.

వడిగా పారే నీటిలో రాతిని కరచుకొని బతికే జాతుల్లో దీని ఒళ్లు బల్లపరుపుగా ఉంటుంది, కళ్లు తలపైన ఉంటాయి, పొట్టకు ఇరువైపులా రేకుల్లాంటి మొప్పలు, వెనుక రెండు మూడు సన్నని తోకలు ఉంటాయి. రాతికి పట్టిన పాచిని గీకి తింటూ, తాను చేపలకు ఆహారమవుతూ నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏడాదికి పైగా నీటిలోనే పెరుగుతుంది. రెక్కలు వచ్చాక కూడా మరొకసారి కుబుసం విడవడం కీటకాలన్నిటిలో మేఫ్లైలకు మాత్రమే ఉన్న లక్షణం. పెద్ద పురుగు ఏమీ తినదు. చాలా జాతుల్లో కొన్ని గంటలు, మహా అయితే రెండు మూడు రోజులు బతికి, జతకట్టి గుడ్లు పెట్టి చనిపోతుంది. తొలకరికి దీపాల చుట్టూ మూగే ఉసిళ్లతో దీన్ని పొరబడేవారున్నారు గాని, అవి నేలలోంచి లేచే చెదలు.

సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతి మాత్రమే చెబుతుంది. రాత్రివేళ ఎవరైనా మురుగు వదిలినా, చేపల కోసం వాగులో బ్లీచింగ్ పౌడర్ కలిపినా, తెల్లవారేసరికి ఆ నీరు దిగువకు వెళ్లిపోయి పరీక్షకు చిక్కదు. కాని నెలలుగా అక్కడే ఉన్న పిల్లపురుగులు చచ్చిపోతాయి, ఉండవలసిన చోట అవి లేకపోవడమే రుజువుగా మిగులుతుంది. అయితే అన్ని మేఫ్లైలూ ఒకే తీరువి కావు. కొన్ని కుటుంబాలు, అంటే దగ్గరి జాతుల గుంపులు, కొంత మురికిని ఓర్చుకుంటాయి, బల్లపరుపు ఒంటివి చాలావరకు ఓర్చుకోలేవు. అందువల్ల పురుగు కనబడిందని సంతోషించకుండా, ఏ కుటుంబానిదో గుర్తించవలసి ఉంటుంది. ఇటువంటి అడుగు జీవుల ఆధారంగా నీటిని ఐదు తరగతులుగా విభజించే ప్రమాణాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద ఇప్పటికే ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది వాగుల్లో జరిగే తవ్వకం. ఇసుకతోపాటు గులకరాళ్లనూ ట్రాక్టర్లకెత్తినప్పుడు ఈ పురుగులకు నిలువనీడే పోతుంది. తవ్వకానికి లేచిన మెత్తని మట్టి దిగువన రాళ్ల సందుల్ని పూడ్చేసి, మొప్పల మీద పేరుకుంటుంది. నీరు తేటపడ్డాక చూసేవారికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, సందులు మాత్రం పూడే ఉంటాయి. ఇక రాయగడ జిల్లా పత్తి చేలల్లో చల్లే పురుగుమందులు వానలకు వాగుల్లో చేరితే, పైరు పురుగుకూ వాగు పురుగుకూ అవి తేడా చూడవు.

పర్లాకిమిడి, పాతపట్నాల మీదుగా వచ్చి వంశధారలో కలిసే ఉపనది మహేంద్రతనయతోనే ఈ పరిశీలన మొదలుపెట్టవచ్చు. కొండ దిగువన ఒకచోట, ఊరికి ఎగువన ఒకచోట, ఊరి మురుగు కలిసిన తరువాత మరొకచోట రాళ్ల అడుగు జీవులను చూసి పోల్చాలి. వరదలప్పుడు చూసి ప్రయోజనం లేదు కనుక శీతకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి చూడాలి. వల, తెల్లని పళ్లెం, భూతద్దం ఉంటే చాలు కాబట్టి రెండు వైపుల కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థులకు కొద్ది శిక్షణతో ఈ పని అప్పగించవచ్చు. రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు కలిసి దీనికి పూనుకొని, ఫలితాలను ఒడియాలోనూ తెలుగులోనూ నదీతీర పంచాయతీలన్నిటికీ అందజేయాలని, పరిశీలన పూర్తయ్యేవరకు ఆ మూడు చోట్లా రాళ్లు, ఇసుక తీయడాన్ని ఆపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా