మందిరాల దుకాణంలో తుపాకి ఎందుకుందంటే

ఇళ్లలో పెట్టుకునే చెక్క పూజామందిరాలు చేసే దుకాణం మాది. గత నెల మా దుకాణం వాట్సాప్ గ్రూపులో కొత్తగా వచ్చిన మేపుల్ చెక్క పలకల ఫొటో పెట్టాను. పలకల గురించి ఒక్కరూ అడగలేదు. వెనక గోడకు ఆనించి ఉన్న పొడవాటి తుపాకి మీదే అందరి కళ్లూ పడ్డాయి. దేవుడి మందిరాలు చేసే చేతులతో తుపాకులేమిటని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. తన మందిరం ఆలస్యం కావడానికి కారణం ఇదేనా అని ఒకావిడ నిలదీశారు. తమకూ ఒకటి చేసిపెట్టమన్న వారూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అందరికీ ఒకేసారి రాయడం మేలనిపించింది. పైగా ఈ తుపాకి పుణ్యమా అని మా ధరలూ బిల్లులు రాసే తీరూ మారబోతున్నాయి.

ముందు అడిగినవాటికి జవాబులు. తుపాకులు అమ్మే ఆలోచన లేదు, ఎవరికీ చేసిచ్చేదీ లేదు. ఇది నా సరదా. సాయంత్రాలూ శనివారాలూ నావి, ఖర్చు నా జేబులోది. ఆలస్యానికి కారణం చెక్కలోని తేమ. ఈసారి మిల్లు నుంచి వచ్చిన మేపుల్‌లో తేమ పన్నెండు శాతం దగ్గర ఉంది. ఎనిమిదికి దిగనిదే నేను తలుపుల చట్రాలు బిగించను. బిగిస్తే, చలికాలంలో హీటరు వేసిన ఇంట్లో చెక్క ఇంకా ఎండి అతుకులు విడిపోతాయి. ఆ ఫోను మీరు జనవరిలో చేస్తారు, నేను ఎత్తాలి. అందుకే ఇప్పుడే ఆగుతున్నాను.

ఇక తుపాకి సంగతి. దీన్ని లాంగ్‌రైఫిల్ అంటారు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మేమున్న లాంకస్టర్ కౌంటీ దీని పుట్టిల్లు. 18వ శతాబ్దం మొదటి సగంలో జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి పెన్సిల్వేనియాకు వచ్చిన పనివాళ్లు యేగర్ అనే పొట్టి రైఫిల్ చేసే విద్యను వెంట తెచ్చుకున్నారు. దాని గొట్టం సుమారు 30 అంగుళాలు, లోపలి రంధ్రం పెద్దది. ఇక్కడి అడవుల్లో వారాల తరబడి తిరిగేవాడికి సీసం, మందు మోయడమే పెద్ద భారం. గుండు చిన్నదైతే మోత తగ్గుతుంది. అలా కొన్ని దశాబ్దాల్లో రంధ్రం సన్నబడింది, గొట్టం 40 అంగుళాలు దాటింది. మందూ గుండూ మూతి నుంచే దట్టించాలి. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లుంటాయి. జిడ్డు పట్టించిన గుడ్డముక్కలో చుట్టిన గుండు వాటి వెంబడే తిరుగుతూ వెళ్తుంది. గురి కుదరడానికి కారణం ఆ తిరుగుడే. జనం నోట కెంటకీ రైఫిల్‌గా పేరు స్థిరపడినా, 2014లో పెన్సిల్వేనియా దీన్ని తమ అధికారిక రాష్ట్ర తుపాకిగా ప్రకటించుకుంది. తెలంగాణకు పాలపిట్టా జమ్మిచెట్టూ ఉన్నట్టు వీళ్లకు పక్షీ చెట్టూ ఉన్నాయి, అవి చాలక ఇదొకటి. చూడాలనుకునేవారు నజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో ఉన్న లాంగ్‌రైఫిల్ మ్యూజియానికి వెళ్లవచ్చు. పిల్లలతో వెళ్తే పక్కనే అడవి దారులు కూడా ఉన్నాయి.

దీన్ని చేయడానికి సులువైన మార్గం కిట్టు. చెక్కను యంత్రమే తొలిచి, ఆకారం తీసి ఇస్తుంది, మిగిలింది మనం బిగించుకోవాలి. నేను కిట్టు కొనలేదు, మేపుల్ పలకతో మొదలుపెట్టాను. అలాగని అంతా నా చేతిపనే అనలేను. 42 అంగుళాల ఎనిమిది పలకల గొట్టం కొన్నదే. చెకుముకి రాయి కొట్టి నిప్పు పుట్టించే యంత్రాంగాన్ని లాక్ అంటారు, అదీ కొన్నదే. భుజానికి ఆనే మడమ పలక గరుకు ఇత్తడి పోతగా వచ్చింది, దాని అసలు ఆకారం ఆకురాయితో నేను తీశాను. చెక్కపని మొత్తం నాది.

పాతకాలంలోనూ కథ ఇలాగే నడిచింది. నేను నమూనాగా పెట్టుకున్నది జేకబ్ డికర్ట్ పనితనం. ఆయన జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చి, లాంకస్టర్‌లో పేరుమోసిన తుపాకి పనివాడయ్యాడు. 1822లో కన్నుమూశాడు. ఆ తరం లాంకస్టర్ పనివాళ్లలో చాలామంది ఇంగ్లండు నుంచి దిగుమతైన లాకులే వాడేవారు. గొట్టాలు తొలిచే మిల్లులు వేరేగా ఉండేవి. గొట్టం నుంచి మర మేకు దాకా పాత పద్ధతుల్లో ఒక్కరే చేయడాన్ని ఈ కాలంలో చేసి చూపించిన మనిషి వర్జీనియాలోని కొలోనియల్ విలియమ్స్‌బర్గ్ అనే చారిత్రక మ్యూజియంలో పనిచేసిన వాలెస్ గస్లర్. అది 1960ల నాటి మాట. ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, కడ్డీ చుట్టూ వంచి, అంచుకు అంచు అతికించి గొట్టంగా సాగదీయడమంటే మాటలు కాదు. నాకు కొలిమీ లేదు, ఆ సత్తువా లేదు.

నా కాలమంతా తినేసింది లాక్‌ను చెక్కలో పొదగడం. అరచేయంత ఇనుప పలక, దాని వెనక స్ప్రింగులు, మీటలు, మర మేకులు. ఒక్కోదానికీ చెక్కలో దాని లోతు, దాని ఆకారంతో ఒక్కో గుంట కావాలి. పలకకు పలుచగా మసి పూసి, గుంటలో నొక్కి, తీసి చూడాలి. చెక్క ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నల్లగా అంటుకుంటుంది. ఆ నలుపును మాత్రమే ఉలితో ఉల్లిపొరలా లేపాలి. మళ్లీ పూయాలి, మళ్లీ నొక్కాలి. తొందరపడి కాస్త ఎక్కువ తీస్తే ఆ సందు జీవితాంతం కనిపిస్తుంది, పూడ్చే మందు లేదు. ఈ పనికి బజారులో డబ్బాల్లో నల్లరంగు అమ్ముతారు. నేను కాటుక వాడాను. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి పట్టిన మసి, రెండు చుక్కల ఆముదం. మా అత్తగారు మనవరాలి కోసం పట్టిన డబ్బా అది. ఆవిడ ఇంకా నాతో ముభావంగానే ఉన్నారు.

గొట్టం కింద, మందు దట్టించే కడ్డీ కోసం పొడుగ్గా రంధ్రం వేయడం ఇంకో గండం. గొట్టం కూర్చునే చెక్క గాడికీ ఆ రంధ్రానికీ మధ్య మిగిలే చెక్క అంగుళంలో ఎనిమిదో వంతు. బరమా దారి తప్పితే గాడిలోకైనా తేలుతుంది, కిందికైనా పొడుచుకొస్తుంది. ఆ సాయంత్రం నేను ఎవరితోనూ మాట్లాడలేదు, అది మాత్రం చెప్పగలను.

మీ మందిరాలకు సంబంధించిన సంగతి చెక్క దగ్గర మొదలవుతుంది. ఈ తుపాకులకు వాడేది పులిచారల మేపుల్. దాని నార నిటారుగా ఉండదు, అలలు అలలుగా లేచి పడుతుంది. అందుకే అడ్డంగా చారలు మెరుస్తాయి. అందుకే చిత్రిక పట్టే యంత్రంలో పెడితే ప్రతి అల దగ్గరా నార చిట్లి గుంటలు పడతాయి. దీనికి మందు స్క్రేపర్, అంటే అంచును కొద్దిగా వంచి పదును పెట్టిన పలుచటి ఉక్కు రేకు. రెండు చేతులతో వంచి పట్టుకుని గీకితే పొట్టు పొరలు పొరలుగా వస్తుంది, చారలు అద్దంలా తేలతాయి. ఇసుక కాగితంతో రుద్దిన చెక్క దీని పక్కన మసకబారినట్టే ఉంటుంది. తుపాకి చెక్క మీద ఈ తేడా చూశాక, పులిచార మందిరాలను కాగితంతో రుద్ది సరిపెట్టడం నాకిక చేతకాదు.

కాబట్టి ఈ దసరా ఆర్డర్ల నుంచి పులిచార మేపుల్ మందిరాలు స్క్రేపరుతోనే ముగుస్తాయి, ధర నాలుగో వంతు పెరుగుతుంది. మామూలు మేపుల్, టేకు మందిరాల ధరలు పాతవే. ఎక్కువనిపిస్తే మామూలు మేపుల్ తీసుకోండి. దీపం వెలుగులో తేడా కనిపిస్తుంది గాని పూజకు ఏ తేడా ఉండదు.

ఇంతవరకు బిల్లులో ఒకే మొత్తం రాసేవాణ్ణి. ఇక మీదట యంత్రం పని ఒక వరుస, చేతిపని ఇంకో వరుస. స్తంభాలు లేతు మీద తిరిగినవి. చిన్న మందిరాల మీది తామరపూలు కంప్యూటర్ యంత్రం చెక్కినవి. చట్రాల అతుకులు, ఇత్తడి కీళ్లు పొదగడం, పెద్ద మందిరాల చెక్కడం నా చేతివి. ఏది ఏదో కాగితం మీద ఉంటే బేరమాడేటప్పుడు కూడా ఇద్దరికీ సుఖం. తామరపూలు చేత్తోనే కావాలంటే చేస్తాను, ఆ వరుస ఎంత పెరుగుతుందో మీరే చూసుకోవచ్చు.

తుపాకి చెక్క రంగు మీ మందిరానికీ కావాలని కొందరు అడిగారు. అది ఇనుము కరిగించిన నత్రికామ్లంతో వచ్చే రంగు. రాయగానే చెక్క పచ్చటి బూడిదరంగుకు తిరుగుతుంది. వేడిగాలి తగిలించిన చోటల్లా ఎర్రటి గోధుమ రంగు పాకి, చారలు నల్లగా లేస్తాయి. చూడముచ్చటగానే ఉంటుంది. కాని తర్వాత ఆమ్లాన్ని పూర్తిగా విరిచి కడిగేయాలి. తుపాకి చెక్క ఒకే ముక్క కాబట్టి కడగవచ్చు. మందిరంలో ఎన్నో అతుకులు, వాటిలోకి దిగిన ఆమ్లం అక్కడే ఉండి ఇత్తడి కీళ్లను తినేస్తుంది. అందుకని చేయను, ఎంతిచ్చినా చేయను.

అవిసె నూనె పాలిష్ మాత్రం ఇస్తాను. దానికీ ఒక షరతు. నూనె పాలిష్ మీద పసుపు పడితే ఆ మరక వదలదు, కుంకుమా అంతే. విగ్రహాలుండే పీఠానికి, గడపకు గట్టి వార్నిష్ వేసి, మిగతా భాగానికే నూనె పెడతాను. దీపం కింద ఇత్తడి పళ్లెం తప్పనిసరి. మందిరంతో పాటు చిన్న సీసాలో నూనె పంపుతాను. అది పూసిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి దానంతట అదే అంటుకోగలదు. ఆరుబయట పరిచి ఆరబెట్టి, గట్టిపడ్డాకే పారేయండి.

చేసిపెట్టమన్న వారికి ఒక మాట. 1968 నాటి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం, మూతి నుంచి దట్టించే ఇలాంటి తుపాకులు మామూలు తుపాకుల కోవలోకి రావు. కాని రాష్ట్రానికో తీరు. పక్కనే ఉన్న న్యూజెర్సీలో నియమాలు ఇక్కడికన్నా కఠినం, మీ రాష్ట్రం సంగతి మీరు కనుక్కోవాలి. ఇండియాలో ఊళ్లో ఉన్న బావమరిదికి విడిభాగాలు పంపగలరా అని కూడా ఒకరు అడిగారు. పంపను. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకి చేయడం, ఉంచుకోవడం భారతదేశంలో నేరం. నాటు తుపాకి కేసులు పత్రికల్లో మీరూ చదివే ఉంటారు.

పెద్దాయన నొచ్చుకున్నందుకు కూడా జవాబివ్వాలి. మా ఇంట్లో మాంసం వండరు. క్రిస్మస్ మర్నాడు ఇక్కడ చెకుముకి తుపాకుల వేట మొదలవుతుంది గాని, నా తుపాకి క్లబ్బులో కాగితపు లక్ష్యాల దాకానే. మందిరాల పనిముట్లు వేరు, దీని పనిముట్లు వేరు, ఒక్క స్క్రేపరు తప్ప. అది పట్టింపైతే చెప్పండి, మీ మందిరానికి కొత్తది వాడతాను.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే. దీపావళికి కావాలంటే ఆర్డరు ఈ నెలాఖరులోగా ఇవ్వండి. శనివారం ఫోను ఎత్తను, మెసేజి పెడితే ఆదివారం చూస్తాను. కొలతలు పంపేటప్పుడు గోడ వెడల్పు ఒక్కటే పంపుతున్నారు చాలామంది. మీ ఇంట్లో అన్నిటికన్నా ఎత్తైన విగ్రహం లేదా పటం ఎత్తు, దీపపు కుంది ఎత్తు కూడా రాయండి. పై పలకకూ దీపానికీ మధ్య ఎంత ఖాళీ ఉంచాలో ఆ రెండు అంకెలు లేకుండా నేను తేల్చలేను.