రైతు సంఘం వార్షిక నివేదిక 2024–25: పైపులైను ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. ఏటా పంటబోదెల పూడికతీతతో మొదలుపెట్టేవాళ్లం. ఈసారి దాన్ని చివరికి నెట్టేశాం. ఏడాదంతా మనల్ని తిప్పింది కొత్త గ్యాస్ పైపులైనే.

సచివాలయం నోటీసు బోర్డు మీద పింఛన్ల జాబితా కింద సగం మూసుకుపోయి, పైపులైను పోయే భూముల గెజిట్ కాపీ ఒకటి కనబడింది. అందులో ఊరి పేరు, సర్వే నంబర్లు, హెక్టార్లలో విస్తీర్ణం తప్ప ఏమీ లేదు. రీసర్వే అయ్యాక మన చేతికొచ్చినవి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) అనే కొత్త నంబర్లు, గెజిట్‌లో ఉన్నవి పాత సర్వే నంబర్లు. ఒక సభ్యుడు ఆ బోర్డు ముందే నిలబడి, జాబితాలో తల్లి పేరు చూసుకుని ఇంటికెళ్లిపోయాడు. గొట్టం పోయేది ఆయన కొబ్బరి తోటలోంచే. సంఘం కళ్లబడేసరికి అభ్యంతరాలకిచ్చిన 21 రోజుల్లో తొమ్మిది అయిపోయాయి.

‘ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు?’ అని చాలామంది అడిగారు. కోనసీమలో బావుల డ్రిల్లింగుకి షామియానా వేసి, కలెక్టరు వచ్చి, మైకులో మాట్లాడించడం చూసినవాళ్లం కదా. పైపులైనుకి అది లేదు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం అభయారణ్యాలు, జాతీయ పార్కులు, పగడపు దిబ్బల వంటి చోట్ల నుంచి వెళ్లే గొట్టాలకే పర్యావరణ అనుమతి కావాలి. ఆ అనుమతి అక్కర్లేని చోట ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. అన్వేషణ బావులకి కూడా 2020 జనవరి సవరణతో ఆ సేకరణ ఎత్తేశారు. మనకి మిగిలింది 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం ఒక్కటే. సెక్షన్ 3 కింద నోటిఫికేషన్, సెక్షన్ 5 కింద అభ్యంతరం. ఈ చట్టం కింద నియమించిన అధికారి, అంటే కాంపిటెంట్ అథారిటీ, మన మాట విని రాసిన ఉత్తర్వే ఆఖరు. తర్వాత సెక్షన్ 6 డిక్లరేషన్ వచ్చిందంటే భూమి మనదే, దాని కింద గొట్టం వేసుకునే వినియోగ హక్కు వాళ్లది. అంటే ఊరు ఊరంతా కలిసి మాట్లాడే చోటు ఈ చట్టంలో లేదు. ఎవరి గట్టు మీద వాళ్లు ఒంటరిగా నిలబడాలి. సంఘం చేసిందల్లా ఆ ఒంటరి కాగితాలన్నిటినీ ఒకే రోజు, ఒకే టేబుల్ మీద పెట్టించడం.

మొదట వచ్చిన కాగితాలు చూసి తల పట్టుకున్నాం. అన్నిటిలో ‘మాకు ఇష్టం లేదు’ అనే ఉంది. కారణాలు రాయకపోతే చట్టం ముందు అది అభ్యంతరమే కాదు. వారం రోజులు రాత్రిళ్లు రామాలయం అరుగు మీద కూర్చుని పాత అడంగళ్లతో ఎల్‌పీఎం నంబర్లు సరిచూసి, ఒక్కొక్కరి కారణం విడిగా రాశాం. బోరు ఎక్కడుంది, ఇంటికి ఎన్ని గజాలు, మురుగుకాలువ గట్టు వెంబడి వేరే దారి ఉందా లేదా.

విచారణ రోజు ఒక కౌలు రైతుని అధికారి ‘నీ పేరు రికార్డులో లేదుగా’ అన్నారు. ఆయన లేచి వచ్చేయబోయాడు. చట్టంలో ఉన్న మాట ‘భూమి యజమాని’ కాదని, ‘భూమిలో ఆసక్తి ఉన్న ఏ వ్యక్తైనా’ అని మనవాళ్లు చదివి వినిపించారు. అధికారి ఆ పేజీ తిప్పి చూసుకుని, కాగితం తీసుకుని, స్టాంపు వేశారు. ఏడాది మొత్తంలో అంత తృప్తి ఇంకెక్కడా కలగలేదు.

ఫలితం సగం సగం. నివాస స్థలం కింద, ఇంటి పెరడు కింద, పక్కా కట్టడం ఉన్న చోట గొట్టం వేయకూడదని, ఎక్కడైనా మీటరు కన్నా తక్కువ లోతులో అసలు వేయకూడదని సెక్షన్ 7 చెబుతోంది. ఆ ఆధారంతో రెండు పెరళ్లలో పాతిన గుర్తురాళ్లు పీకి కాలువ వైపు జరిపారు. తోటల అభ్యంతరాలు మాత్రం కొట్టేశారు.

పరిహారం దగ్గరే మన ప్రాంతానికి అసలు దెబ్బ. వినియోగ హక్కుకిచ్చేది నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో పది శాతం. వరిచేను అయితే గొట్టం పూడ్చాక మళ్లీ ఊడ్చుకోవచ్చు. కొబ్బరి తోటలో ఆ పట్టీ మీద చెట్టు నాటకూడదు, నుయ్యి తవ్వకూడదు, గది కట్టకూడదు. పోయిన చెట్లకి విడిగా లెక్కకట్టి ఇస్తారు, కానీ ముప్పై ఏళ్లు వచ్చే దింపుకి ఏ లెక్క సరిపోతుంది? ఇచ్చింది చాలదనుకున్నవాళ్లు జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు. ఇద్దరు వెళ్తున్నారు. వకీలు ఖర్చులో సగం సంఘం భరించాలని కార్యవర్గం తీర్మానించింది.

‘తమిళనాడులో గెయిల్ గ్యాస్ పైపులైను ఆపారు కదా, మనమెందుకు ఆపలేం’ అని కుర్రాళ్ల వాదన. అక్కడ 2013లో సాక్షాత్తూ రాష్ట్ర ప్రభుత్వమే పొలాల్లోంచి వద్దని, రోడ్డు పక్కన వేసుకోమని అంది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో ఆ వాదన నిలబడలేదు. ఆపేస్తామని మేం ఎవరికీ మాటివ్వలేదు, ఇవ్వం కూడా.

కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 2024 జూన్ 27కి పదేళ్లు. ఆ తెల్లవారుజామున ఇరవై మందికి పైగా పోయారు. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. అందుకే గొట్టంలో గ్యాస్ వదిలాక వాసన ఫిర్యాదులు రాయడానికి సంఘంలో ఒక పుస్తకం పెడుతున్నాం. తేదీ, వేళ, ఎవరికి ఫోన్ చేశారు, వాళ్లేమన్నారు, అన్నీ అందులో రాయాలి.

మిగతావి: పంటబోదెల పూడిక తూర్పు వైపు పూర్తయింది, పడమర మిగిలింది. జమాఖర్చులు సంఘం గోడకి అంటించాం. జిరాక్సుల ఖర్చు చూసి ఎవరూ కంగారుపడొద్దు, కారణం పైన రాసిందే.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు పాసుపుస్తకం, పాత అడంగల్ రెండూ తెచ్చుకోండి. కౌలుదారులు కౌలు కార్డు ఉంటే తేవాలి, లేకపోయినా రావాలి.

– కార్యదర్శి