సైడర్‌కి వగరు ఆపిల్ కావాలి

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో వారం రోజుల్లో ఇంట్లోనే సైడర్ (ఆపిల్ రసం పులియబెట్టి చేసే మద్యం) చేసుకోమంటూ వచ్చిన వ్యాసం చదివి చాలా టెన్షన్ పడ్డాను. డబ్బా ఆపిల్ జ్యూస్‌లో చక్కెర, బ్రెడ్‌కి వాడే ఈస్ట్ కలిపి, సీసాలో పోసి మూత గట్టిగా బిగించమన్నారు. రసం పులుస్తున్నంతసేపూ కార్బన్ డయాక్సైడ్ పుడుతూనే ఉంటుంది. బయటికి దారి లేకపోతే సీసా పేలుతుంది. గాజుదైతే కళ్లు పోయే ప్రమాదం. నీళ్లు పోసిన ఎయిర్‌లాక్ పెడితే గ్యాస్ బయటికి పోతుంది, గాలి లోపలికి రాదు. ఎవరైనా చేసి చూడకముందే దయచేసి సవరణ వేయండి. లైసెన్స్ లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం మన ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరమని కూడా అందులోనే రాయండి.

మాది నల్లగొండ జిల్లా. నాన్న కల్లు గీసేవాడు. నేను ఉద్యోగానికి ఇంగ్లండ్ వచ్చి హియర్‌ఫర్డ్‌షైర్‌లో ఉండిపోయాను. సైడర్‌కి పేరుపడ్డ ప్రాంతం ఇది. అమ్మకుండా సొంతానికైతే ఇక్కడ ఎవరైనా చేసుకోవచ్చు. మా వీధి చివర తోట ఉన్న పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను.

ఆ తోటలో కాసేవి బజార్లో దొరికే ఆపిల్స్ కావు. కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్, యార్లింగ్టన్ మిల్, ఫాక్స్‌వెల్ప్. డాబినెట్ కొరికితే పచ్చి ఈతకాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. ఆ వగరే సైడర్‌కి ప్రాణం. వగరు పండు, పులుపు పండు, తీపి పండు కలిపి పిండితేనే రుచి నిలుస్తుంది. ఉత్త డబ్బా జ్యూస్ పులిస్తే చక్కెరంతా పోయి పల్చగా, పుల్లగా మిగులుతుంది.

ఆకురాలే కాలంలో పండ్లు ఏరి, బొటనవేలు నొక్కితే దిగేదాకా కుప్పపోసి ఉంచుతాం. కడిగి, నలగ్గొట్టి, గుడ్డల్లో మడిచి ప్రెస్ కింద పిండుతాం. పిప్పి పశువులకు పోతుంది. రసం నీటికంటే ఎంత చిక్కనో చూపే హైడ్రోమీటర్ వేస్తే (నీళ్లలో 1.000 చూపుతుంది) 1.050 దగ్గర తేలుతుంది. అది 1.000కి దిగేసరికి సుమారు ఆరున్నర శాతం ఆల్కహాల్ ఉన్నట్టు.

పొద్దున దించిన కల్లు సాయంత్రానికే పులిసిపోతుంది. నీరా కావాలంటే నాన్న లొట్టి లోపల సున్నం పూసేవాడు, పులవకుండా. ఇక్కడ చలి పులవడాన్ని ఆపదు గానీ నెమ్మది చేస్తుంది. తొక్క మీద, ప్రెస్ మీద ఉండే ఈస్టే శీతాకాలమంతా నెమ్మదిగా పులియబెడుతుంది. అడుగున మడ్డి దిగాక పై తేట వేరే జాడీలోకి వంచి, వేసవి దాకా కదపకుండా ఉంచుతాం. ఆ నెమ్మదిలోనే వాసన వస్తుంది. వారంలో అయ్యే పని కాదు.

ఏ పాత్రైనా పర్లేదని కూడా రాశారు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో సైడర్ తాగినవాళ్లకు భరించలేని కడుపునొప్పి వచ్చేది. సైడర్ ప్రెస్‌లలో వాడిన సీసం (లెడ్) అనే లోహమే కారణమని జార్జ్ బేకర్ అనే డాక్టర్ 1767లో చెప్పాడు. పండ్ల పులుపు లోహాన్ని తినేస్తుంది. గాజు, స్టీలు, ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ అయితే భయం లేదు.

ఇంకొకటి. తీపి కోసం చివర్లో చక్కెర వేసి సీసాలకు ఎత్తమన్నారు. ఈస్ట్ బతికుంటే ఆ చక్కెర మళ్లీ పులుస్తుంది, సీసా పేలే ముప్పు మళ్లీ మొదలవుతుంది. మేం తీపి లేకుండానే తాగుతాం, ఐసు వేయకుండా, కొద్దిగా చల్లగా. నాటుకోడి కూరతో దాన్ని మించింది నాకు ఇంతవరకు దొరకలేదు.

– మీ పాఠకుడు, హియర్‌ఫర్డ్, ఇంగ్లండ్