వంతెన పేల్చాలా, ఉంచాలా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బోర్డు ఆటల మీద వచ్చిన వ్యాసం చదివాను. వైకుంఠపాళి నుంచి చదరంగం దాకా ఓపిగ్గా రాసుకొచ్చి, యుద్ధపు ఆటల దగ్గరకొచ్చేసరికి అవి పిల్లలకు పేల్చడం, కూల్చడం నేర్పుతాయని ఒక్క ముక్కలో తీసిపారేశారు. నేను రైల్వేలో వంతెనల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసంతా వంతెనలు పడిపోకుండా చూసుకోవడంతోనే సరిపోయింది. ఇప్పుడు ఆదివారాలు మా హాల్లో కాగితం మీది వంతెనలకు కాపలా కాస్తున్నాను. మా మనవడు, వాడి స్నేహితులు ఇద్దరు, పక్కింటి లెక్కల మాస్టారు ఆడతారు. అంపైరుని నేను. ఆ హోదాలోనే ఈ ఉత్తరం.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఆరుమూలల గళ్లు గీసిన పటం మీద అట్టబిళ్లలు కదుపుతాం. ఒక్కో బిళ్ల ఒక్కో దళం. నది గీత దాటాలంటే వంతెన ఉండాలి. వెనక్కి తగ్గుతున్నవాడికి అక్కడే వస్తుంది చిక్కంతా. వంతెన పేలిస్తే శత్రువు ఒకరోజో రెండ్రోజులో ఆగుతాడు. కానీ రేపు మనం ఎదురుదాడికి పోదామన్నా దారుండదు. పోనీ ఉంచుదామంటే కాపలాకి మనుషుల్ని కేటాయించాలి, వాళ్లు ఓడిపోతే వంతెనను చేతులారా అప్పగించినట్టే. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు మొదటి చాన్సులోనే పేల్చేస్తామంటారు. ‘సరే, రేపు అవతల నీకేం పని లేదుగా?’ అని అడుగుతాను. అప్పుడు తల గోక్కుంటారు.

1944 సెప్టెంబరులో హాలండులో జరిగిన పోరాటం ఈ ఆటకు పెట్టింది పేరు. వరసగా వంతెనలు పట్టుకుంటూ ఆర్న్‌హెమ్ దాకా పోవాలని మిత్రరాజ్యాలు పారాచూట్ దళాలను దింపాయి. సోన్ దగ్గర అమెరికన్లు చేరువకి రాగానే జర్మన్లు వంతెన పేల్చేశారు. మిత్రరాజ్యాల ఇంజినీర్లు రాత్రంతా పనిచేసి 19వ తేదీ ఉదయానికి బెయిలీ వంతెన, అంటే విడిభాగాలు బిగించి చకచకా వేసే ఉక్కు వంతెన, వేశారు. అంటే ఆ పేల్చుడుతో జర్మన్లకు దక్కింది సుమారు ఒకటిన్నర రోజు. నైమేఖెన్ దగ్గర, వాల్ నది మీది పెద్ద వంతెన విషయంలో మాత్రం జర్మన్ సేనాని ఫీల్డ్ మార్షల్ వాల్టర్ మోడల్ పేల్చొద్దని ఆపాడు. ఎదురుదాడికి ఆ వంతెన తనకే కావాలన్నాడు. 20న అమెరికన్లు పట్టపగలు కాన్వాసు పడవల్లో నది దాటొచ్చారు, బ్రిటిష్ ట్యాంకులు వంతెన ఎక్కాయి, అప్పటికప్పుడు పేల్చమంటే అది పేల్లేదు. మోడల్‌ది మూర్ఖత్వమని చాలామంది తేల్చేస్తారు. నేనలా అనను. అవతల ఆర్న్‌హెమ్ వంతెన ఉత్తరపు చివర బ్రిటిష్ అధికారి జాన్ ఫ్రాస్ట్ పారాచూట్ బెటాలియన్ అడ్డంగా కూర్చుంది. జర్మన్ పాంజరు (ట్యాంకు) దళాలు పన్నెర్డెన్ దగ్గర పంట్ల మీద నది దాటి నైమేఖెన్‌కి రావాల్సి వచ్చింది. అంత కష్టపడి దక్షిణానికి మనుషుల్ని తెస్తున్నవాడు చేతిలో ఉన్న వంతెననీ నీళ్లపాలు చేసుకోవడానికి వెనకాడడా? మోడల్ తప్పల్లా ఎక్కడుందంటే, ఏ గంటకి మనసు మార్చుకోవాలో ముందే అనుకోలేదు.

కుర్రాళ్లకి అస్సలు మింగుడుపడని నియమం ఇంకోటి ఉంది. వంతెనకి పేలుడు మందు పెట్టాక కూడా పాచిక వేయాలి. ఒకటి పడితే వంతెన పేలదు. “అన్నీ సరిగ్గా చేశాక ఇదేం అన్యాయం తాతయ్యా?” అంటాడు మావాడు. అంతకంటే నిజమైన నియమం ఈ ఆటలో లేదని నా అభిప్రాయం. 1945 మార్చి 7న రైన్ నది మీద రెమాగెన్ రైలు వంతెన దగ్గర ఏమైంది? జర్మన్లు 600 కిలోల మందు అడిగితే 300 కిలోలే వచ్చింది, అదీ క్వారీల్లో వాడే బలహీనమైన సరుకు. కరెంటు తీగ పనిచేయలేదు. కాల్పుల మధ్య ఒకడు పాక్కుంటూ పోయి అత్యవసర ఫ్యూజు చేత్తో వెలిగించాడు. పేలింది, వంతెన లేచింది, లేచినట్టే మళ్లీ దిమ్మెల మీద కూర్చుంది! వృత్తిరీత్యా నాకది వింతగా తోచదు. గర్డరు మొండిఘటం. ఒక సభ్యం, అంటే దాన్లోని ఒక ఉక్కు కమ్మీ, తెగితే బరువు పక్క సభ్యాల మీదకి మళ్లుతుంది. ఎక్కడ కొయ్యాలో తెలిసి, సరిపడా మందు ఉంటే తప్ప అది పడదు. కానీ ఆ దెబ్బ ఊరికే పోదు. పది రోజులయ్యాక, మరమ్మతులు జరుగుతుండగానే, మార్చి 17న అదే వంతెన దానంతటదే కూలి 28 మంది అమెరికన్ ఇంజినీరు సైనికులు పోయారు.

మందు అంత ఆలస్యంగా ఎందుకు పెట్టారంటారా? అంతకుముందు అక్టోబరులో కొలోన్ దగ్గర ఓ వంతెనకు ముందే మందు బిగించి ఉంచితే, విమానం వేసిన బాంబు తగిలి అది పేలిపోయింది. దాంతో శత్రువు దగ్గర పడేదాకా మందు బిగించొద్దని హిట్లర్ ఉత్తర్వు. తొందరపడి పేల్చినా కోర్టు మార్షలే, ఆలస్యం చేసినా కోర్టు మార్షలే. రెమాగెన్ తర్వాత నలుగురు అధికారుల్ని కాల్చి చంపారు. ఇలాంటి ఉత్తర్వుల కింద ఉద్యోగం చేసినవాళ్లు మన ఆఫీసుల్లోనూ కనిపిస్తారు, ప్రాణాలు పోవు అంతే.

మనవాళ్లు మరింత బాగా తెలుసుకోవాల్సిన వంతెన బర్మాలోది. సిట్టాంగ్ నది మీద రైలు వంతెన, 1942 ఫిబ్రవరి 23. జపానువాళ్లు తరుముతుంటే 17వ భారత డివిజను రంగూన్ వైపు వెనక్కి తగ్గుతోంది. అంతకు ముందురోజు తెల్లవారకముందే ఒక లారీ వంతెన మీద చక్రం దిగబడి రెండు గంటలపాటు దారి మూసేసింది. ఇంకో గంట నిలబెట్టగలనని మాటివ్వలేనని, పేల్చమంటారో లేదో స్పష్టంగా చెప్పమని వంతెన దగ్గరున్న బ్రిగేడియరు 23 తెల్లవారుజామున ఫోను చేయించాడు. మైళ్ల దూరంలో ఉన్న డివిజను అధిపతి మేజర్ జనరల్ స్మైత్ సరేనన్నాడు. అయిదున్నరకి వంతెన పేలింది. రెండు బ్రిగేడ్లలో చాలా భాగం అవతలి గట్టునే ఉండిపోయింది. వెదురు తెప్పల మీద, ఈదుకుంటూ వచ్చినవాళ్లు వచ్చారు. తర్వాత లెక్క తీస్తే పదాతి దళంలో మిగిలింది 3,484 మంది, వాళ్ల దగ్గరున్న రైఫిళ్లు 1,420. రెండు వారాలు తిరక్కుండానే, మార్చి 8న, రంగూన్ ఎలాగూ పోయింది.

ఈ ఘట్టం ఆడించేటప్పుడు పటం ఎవరికీ చూపించను. మాస్టారు జనరల్, మేడ మీద గదిలో. మావాడు వంతెన బ్రిగేడియరు, వంటింట్లో. అవతలి గట్టు కుర్రాళ్లిద్దరూ వీధి వరండాలో. మాటలన్నీ చీటీల మీదే, అదీ నేను అందించినప్పుడే. మొన్న మావాడు పంపిన చీటీ: ‘అటు ఇంకా ఎంతమంది ఉన్నారు?’ మాస్టారి జవాబు: ‘అది నాకు నువ్వు చెప్పాలి.’ మావాడు మళ్లీ: ‘అవును అనో కాదు అనో రాయండి మాస్టారూ.’ మేడ మీద ఆ చీటీ పట్టుకుని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఎంతసేపు కూర్చున్నారో! చివరికి ‘అవును’ అని రాశారు. అప్పటికి సగం బిళ్లలు అవతలే ఉన్నాయి. ఆ కుర్రాళ్లిద్దరూ భోజనాల దగ్గర మావాడితో మాట్లాడలేదు. అవతల ఎందరున్నారో బ్రిగేడియరుకి ముందే చెప్పాలని ఇప్పుడు నియమం మార్చమంటున్నారు. కుదరదన్నాను.

నా మటుకు నేను స్మైత్‌ని ఆ ఉదయానికి తప్పుపట్టను. ముందుగానే నది దాటొచ్చేస్తామని ఆయన అడిగితే పైనున్న జనరల్ హటన్ 19వ తేదీ దాకా ఒప్పుకోలేదు. మా ఆటలో వంతెనకి ఇంకా మూడు గళ్ల దూరం ఉండగానే ‘ఎప్పుడు దాటుదాం?’ అని ఆలోచించినవాడే బిళ్లలు మిగుల్చుకుంటాడు. గట్టు మీదకొచ్చాక తెలివితేటలు చూపించడానికి జాగా ఉండదు.

ఇందులో పేల్చడం నేర్చుకున్నదెవరో వ్యాసకర్తే చెప్పాలి. మీకు ఒక్క విన్నపం. కాకినాడ, విశాఖల నుంచి ఓడెక్కి రంగం (రంగూన్) పోయి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన మనవాళ్లు 1942లో కొండదారుల్లో నడిచి తిరిగొచ్చిన సంగతి చరిత్ర పేజీల్లో అప్పుడప్పుడూ వస్తుంటుంది. ఈసారి వేసేటప్పుడు సిట్టాంగ్ వంతెన గురించీ వేయండి. పటంతో సహా వేయండి, నదికి ఏ గట్టు ఎవరిదో తెలిసేలా. స్కేలు గీత మర్చిపోవద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే వంతెనల ఇన్‌స్పెక్టరు,
రాజమహేంద్రవరం